మెయిన్ ఆపాక కూడా కండెన్సర్‌లో ఏం మిగులుతుంది? తొమ్మిది వోల్టుల బ్యాటరీతో ఇంట్లో చేసి చూడండి

తిరుపతిలో మా ఇంటికి ఒక బోరు ఉంది, సింగిల్ ఫేజ్ మోటారు. ఒక ఎండాకాలం పొద్దున స్టార్ట్ బటన్ నొక్కితే మోటారు గుయ్యిమంటోంది గానీ తిరగడం లేదు. మెయిన్ ఆపాను, ఫ్యూజులు పీకాను. ప్యానెల్ బోర్డు తలుపు తీసి ఒక్కో టెర్మినల్ మీదా టెస్టర్ పెట్టి చూశాను. ఎక్కడా వెలగలేదు. ఇక భయం లేదనుకుని స్టార్టింగ్ కండెన్సర్ (మోటారు తిరగడం మొదలుపెట్టడానికి సాయపడే, విద్యుత్తు నిలవచేసే భాగం) వైర్లు ఊడదీయడానికి దాని రెండు కొసల్నీ రెండు వేళ్లతో పట్టుకున్నాను. మోచేతి దాకా కొట్టింది. చెయ్యి వెనక్కి లాక్కోవడంలో తలుపు రేకు తగిలి మణికట్టు దగ్గర తెగింది.

కరెంటు ఆపడం ఒక పని, కండెన్సర్‌ని ఖాళీ చేయడం ఇంకో పని. ఇది నాకు పుస్తకంలో తెలుసు, చేతికి తెలియలేదు. ఆ సాయంత్రమే బల్ల మీద చిన్న సర్క్యూట్ పెట్టుకుని, కెపాసిటర్ (కండెన్సర్‌కే ఇంకో పేరు) ఎంతసేపట్లో నిండుతుందో, ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో గడియారం పెట్టి కొలిచాను. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు పక్కనే కూర్చున్నాడు. అదే ప్రయోగాన్ని మీ చేత చేయించి, చివర్లో బోరు పెట్టె దగ్గరికి తీసుకెళ్తాను. బల్ల మీద పని మొత్తం తొమ్మిది వోల్టులతోనే, కాబట్టి పిల్లలతో కలిసి చేసుకోవచ్చు. పెట్టె దగ్గర పని మాత్రం పెద్దవాళ్లదే.

ఏమేం కొనాలి

టీవీలు, ఆంప్లిఫయర్ల రిపేరు సామాన్లు అమ్మే చిన్న షాపు ఏదైనా సరే. "థౌజండ్ బై ట్వెంటీఫైవ్" అని అడగండి, 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఇస్తారు. కెపాసిటర్ అన్నా కండెన్సర్ అన్నా ఒకటే. చదువుకునేవాళ్లు మొదటి మాట వాడతారు, ఎలక్ట్రీషియన్లు రెండో మాట. దాంతోపాటు 10 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు (బ్రౌన్, బ్లాక్, ఆరెంజ్ పట్టీలు), 470 ఓమ్‌వి రెండు (ఎల్లో, వయొలెట్, బ్రౌన్), ఒక ఎర్ర ఎల్‌ఈడీ, ఒక బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా రంధ్రాల్లో గుచ్చి కలిపే పలక), కొన్ని జంపర్ వైర్లు, తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ, దాని క్లిప్పు తీసుకోండి. డిజిటల్ మల్టీమీటర్ తప్పనిసరి. చవకది చాలు.

కెపాసిటర్ మీద రాసిన 25 వోల్టులంటే అది తట్టుకునే గరిష్ఠం. అంత ఇవ్వాలని కాదు. తొమ్మిది వోల్టుల పనికి 16 వోల్టులది కూడా సరిపోతుంది, 6.3 వోల్టులది మాత్రం వాడకూడదు. ఇంకో జాగ్రత్త: ఎలక్ట్రోలైటిక్‌కి ప్లస్, మైనస్ ఉంటాయి. ఒంటి మీద పొడవునా గీత ఉన్న వైపు కాలు మైనస్. కొత్తదానికి ప్లస్ కాలు పొడవుగా కూడా ఉంటుంది. తిరగేసి కలిపితే లోపలి పలుచని ఆక్సైడ్ పొర పాడై, వేడెక్కి, ఉబ్బి, పగలొచ్చు. బ్యాటరీ కలిపే ముందు ఆ గీతని ఒకసారి వేలితో చూపించి పైకి చెప్పమని నేను మా మేనల్లుడికి అలవాటు చేశాను. మీరూ అలాగే చేయండి.

ముందు ఖాళీ చేయండి, తర్వాత నింపండి

షాపు నుంచి తెచ్చిన కెపాసిటర్‌లో కూడా కాస్త వోల్టేజీ ఉండొచ్చు. దాని రెండు కాళ్ల మధ్య 470 ఓమ్ రెసిస్టర్‌ని పది సెకన్లు ఆనించి పట్టుకోండి. మీటర్‌ని డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి చూడండి. సున్నా దగ్గరికి వచ్చిందా? అయితే మొదలుపెట్టొచ్చు.

బ్రెడ్‌బోర్డు మీద కలిపే వరస ఇది. బ్యాటరీ ప్లస్ నుంచి 10 కిలో ఓమ్ రెసిస్టర్, రెసిస్టర్ రెండో కొస నుంచి కెపాసిటర్ ప్లస్ కాలు, కెపాసిటర్ మైనస్ కాలు నుంచి బ్యాటరీ మైనస్. మీటర్ ఎర్ర వైరు కెపాసిటర్ ప్లస్ మీద, నల్ల వైరు మైనస్ మీద. బ్యాటరీ క్లిప్పు చివర్లో తగిలించాలి. దానికి ముందు బ్యాటరీని విడిగా కొలిచి రాసుకోండి. పేరుకి తొమ్మిది వోల్టులే గానీ కొత్తది కాస్త ఎక్కువ, వాడింది తక్కువ చూపిస్తుంది. కింది లెక్కలన్నీ సరిగ్గా 9 అనుకుని వేసినవి.

అంకెలు పరుగెత్తుతుంటే చూసి రాయడం కష్టం. ఒకరు సెకన్లు చెప్పి ఇంకొకరు రాస్తే తప్పులు పడతాయి. మేమూ మొదట అలాగే చేసి రెండుసార్లు కొట్టేశాం. ఒక ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి మీటర్ పక్కన ఉంచి, ఇంకో ఫోనుతో రెండూ కనపడేలా వీడియో తీయండి. తర్వాత వీడియోని ఆపుతూ ఐదేసి సెకన్లకొక రీడింగు తీరిగ్గా రాసుకోవచ్చు.

ఇప్పుడు క్లిప్పు తగిలించండి. పది సెకన్లకు మీటర్ 5.7 వోల్టుల దగ్గర ఉండాలి. ఇరవైకి 7.8. ముప్పైకి 8.55. నలభైకి 8.84. యాభైకి 8.94. మొదటి పది సెకన్లలో ఐదున్నర వోల్టులకు పైగా ఎక్కింది, చివరి పది సెకన్లలో ఒక వోల్టులో పదోవంతు మాత్రమే. మీ అంకెలు ఇవే రావు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ విలువ రాసినదానికి 20 శాతం అటూ ఇటూ ఉండడం మామూలే. పది సెకన్లు అన్నది మీకు ఎనిమిదో, పన్నెండో కావచ్చు.

ఎందుకిలా మెల్లబడుతుంది? దిండులో దూది కూరడం ఎప్పుడైనా చూశారా? మొదటి గుప్పిళ్లు ఇట్టే పోతాయి. నిండే కొద్దీ లోపలి దూది ఎదురు తోస్తుంది, చేతి బలంలో మిగిలిన తేడా మాత్రమే పనిచేస్తుంది. కెపాసిటర్ లోపల రెండు అల్యూమినియం రేకులు, మధ్యలో కరెంటు దాటని పలుచటి పొర ఉంటాయి. బ్యాటరీ ఒక రేకు నుంచి ఎలక్ట్రాన్లను లాగి ఇంకో రేకు మీద పేరుస్తుంది. పేరుకున్న కొద్దీ ఎదురు వోల్టేజీ పెరుగుతుంది. రెసిస్టర్ మీద పడేది బ్యాటరీ వోల్టేజీకీ కెపాసిటర్ వోల్టేజీకీ మధ్య తేడా మాత్రమే. ఆ తేడా తగ్గే కొద్దీ కరెంటూ తగ్గుతుంది. మొదటి క్షణంలో 0.9 మిల్లీఆంపియర్, పది సెకన్లకు 0.33.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే. రెసిస్టెన్స్‌ని కెపాసిటెన్స్‌తో గుణించండి. 10,000 ఓమ్‌లు, 0.001 ఫారడ్ (1000 మైక్రోఫారడ్ అంటే ఇంతే): పది సెకన్లు. దీన్నే కాల స్థిరాంకం అంటారు. ప్రతి కాల స్థిరాంకంలోనూ మిగిలిన దూరంలో 63 శాతం నిండుతుంది, 37 శాతం మిగులుతుంది. ఐదు కాల స్థిరాంకాలకు 99 శాతం దాటుతుంది.

ఖాళీ చేయడం

"మామా, ఇప్పుడు బ్యాటరీ తీసేస్తే ఏమవతాది?" అని అడిగాడు మావాడు. తీసి చూడమన్నాను. క్లిప్పు పీకాడు. మీటర్ 8.9 దగ్గరే నిలబడింది. వాడు మీటర్ ఆగిపోయిందనుకుని దాన్ని తట్టాడు.

మీరూ ఇక్కడ ఒక నిమిషం ఆగి చూడండి. తొందరపడి తర్వాతి మెట్టుకు వెళ్లకండి. బ్యాటరీ లేదు, వైరు లేదు, అయినా దాదాపు తొమ్మిది వోల్టులు అలాగే ఉన్నాయి. నన్ను కొట్టింది సరిగ్గా ఇదే. 1745లో క్లైస్ట్, ఆ తర్వాత కొన్ని నెలలకే లైడెన్ ఊళ్లో ముషెన్‌బ్రూక్, గాజు సీసాలో విద్యుత్తు నిలవచేసి చేత్తో తాకి ఇలాగే దెబ్బ తిన్నారు. కెపాసిటర్ కథ మొదలైందే షాకుతో.

ఇప్పుడు బ్యాటరీ ప్లస్ వైపు ఉన్న రెసిస్టర్ కొసని పీకి కెపాసిటర్ మైనస్ వరసలో గుచ్చండి. వీడియో మళ్లీ మొదలుపెట్టండి. పది సెకన్లకు 3.3 వోల్టులు, ఇరవైకి 1.2, ముప్పైకి 0.45, యాభైకి 0.06. వాన వెలిశాక కపిలతీర్థం జలపాతం చూసినవాళ్లకి ఇది తెలిసిన తీరే. మొదట్లో హోరుగా దూకి, గబగబా సన్నబడి, ఆ సన్నని ధార చాలాసేపు పడుతూనే ఉంటుంది.

గ్రాఫు కాగితం మీద రెండు గీతలూ ఒకే చోట గీయండి. నిండే గీతని తలకిందులు చేస్తే ఖాళీ అయ్యే గీత వస్తుంది. సగానికి పడిపోవడానికి పట్టే టైము చూడండి. 9 నుంచి 4.5కి దాదాపు ఏడు సెకన్లు, 4.5 నుంచి 2.25కి మళ్లీ ఏడు సెకన్లు, అక్కడినుంచి సగానికి ఇంకో ఏడు. ఎక్కడ మొదలుపెట్టినా అంతే. పరీక్షలో ఈ సూత్రం రాసే పిల్లలు ఎందరో ఉన్నారు. ఈ ఏడు సెకన్లని కళ్లతో చూసినవాళ్లు తక్కువ. నాకు అదే బాధ.

శక్తి ఎంత?

కెపాసిటర్‌లో నిలవున్న శక్తి తెలియాలంటే వోల్టేజీని దానితోనే గుణించి, వచ్చినదాన్ని కెపాసిటెన్స్‌తో గుణించి, సగం చేయాలి. తొమ్మిది తొమ్ముల 81, దాన్ని 0.001తో గుణిస్తే 0.081, సగం 0.0405 జౌల్. మన చిత్తూరు తోతాపురి కాయ ఒకటి, పావు కిలోది, నేల నుంచి ఒకటిన్నర సెంటీమీటరుకు కొంచెం పైగా ఎత్తడానికి సరిపోయే శక్తి. అదే బ్యాటరీలో వేల జౌల్స్ ఉంటాయి. నిలవ చేయడంలో కెపాసిటర్ బ్యాటరీ ముందు నిలవదు. దాని గొప్పంతా ఉన్నది ఒక్క క్షణంలో వదలగలగడంలోనే. ప్రమాదం కూడా అక్కడే ఉంది.

వోల్టేజీ సగమైతే శక్తి సగం కాదు, పావు వంతు. పది సెకన్లు ఖాళీ చేశాక వోల్టేజీ 37 శాతం మిగిలినా శక్తి 14 శాతమే మిగులుతుంది. ఇంకో సంగతి: నింపేటప్పుడు బ్యాటరీ 0.081 జౌల్ ఇస్తుంది, కెపాసిటర్‌లో నిలిచేది సగమే. మిగతా సగం రెసిస్టర్‌లో వేడి. రెసిస్టర్ 10 కిలో ఓమ్ అయినా 470 ఓమ్ అయినా ఆ సగం పోవాల్సిందే, టైము మాత్రం మారుతుంది.

ఆ శక్తిని కంటితో చూద్దాం. కెపాసిటర్‌ని మళ్లీ నింపండి, ఈసారి 10 కిలో ఓమ్ బదులు 470 ఓమ్‌తో. కాల స్థిరాంకం అరసెకను కన్నా తక్కువ, మూడు సెకన్లలో నిండిపోతుంది. బ్యాటరీ తీసేయండి. రెండో 470 ఓమ్ రెసిస్టర్‌ని ఎల్‌ఈడీకి వరసగా కలిపి, ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు ఉండేలా కెపాసిటర్‌కి తగిలించండి. ఒక్కసారి బాగా వెలిగి, ఒకటి రెండు సెకన్లలో మసకబారి ఆరిపోతుంది.

ఆరగానే మీటర్ చూడండి. సున్నా కాదు! 1.7 వోల్టుల చుట్టుపక్కల ఆగి ఉంటుంది. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి దాదాపు అంత వోల్టేజీ కావాలి. అంతకన్నా తగ్గితే కరెంటుని దాదాపుగా పోనివ్వదు. దీపం ఆరింది, కెపాసిటర్ ఖాళీ కాలేదు. నా టెస్టర్ నన్ను మోసం చేసిన పద్ధతి వేరు, కానీ పాఠం ఇదే కుటుంబానిది. టెస్టర్ వెలగాలంటే కరెంటు మన ఒంటి గుండా భూమికి తిరిగి వెళ్లాలి. ఫ్యూజులు పీకాక విడిగా ఉన్న కండెన్సర్‌కి భూమితో సంబంధం లేదు. దాని వోల్టేజీ అంతా దాని రెండు కొసల మధ్యనే. ఒక కొస మీద టెస్టర్ పెడితే ఏమీ కనపడదు, రెండు కొసలూ పట్టుకుంటే తెలుస్తుంది.

అంకెలు తేడా వస్తే

చివరి వోల్టేజీ బ్యాటరీ అంత ఎక్కకుండా 8.6 దగ్గరే ఆగిపోతోందా? కెపాసిటర్ లోపల కొంచెం కరెంటు కారుతోంది. చాలాకాలం షాపులో పడి ఉన్న ఎలక్ట్రోలైటిక్‌కి ఇది మామూలే. పది పదిహేను నిమిషాలు బ్యాటరీకి కలిపి ఉంచి మళ్లీ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

మా మేనల్లుడు వేరే విలువలతో చూద్దామని 10 మైక్రోఫారడ్, 1 మెగా ఓమ్ పెట్టాడు. లెక్క ప్రకారం అదీ పది సెకన్లే. కానీ వోల్టేజీ నాలుగున్నర దగ్గర ఆగిపోయింది. గంటసేపు వైర్లన్నీ వెతికాం. తప్పు మీటర్‌ది. చవక మీటర్లలో చాలావాటి లోపలి రెసిస్టెన్స్ 1 మెగా ఓమ్ ఉంటుంది. బయట ఇంకో 1 మెగా ఓమ్ పెడితే తొమ్మిది వోల్టుల్ని రెండూ సగం సగం పంచుకుంటాయి. అందుకే మొదట్లో 10 కిలో ఓమ్ చెప్పాను. మీటర్ వల్ల వచ్చే తేడా అప్పుడు లెక్కలోకి రాదు.

మూడో విషయం పొరపాటు కాదు, కెపాసిటర్ స్వభావం. కొన్ని నిమిషాలు నిండుగా ఉంచిన కెపాసిటర్‌ని 470 ఓమ్‌తో మూడు నాలుగు సెకన్లు ఖాళీ చేసి, రెసిస్టర్ తీసేసి మీటర్ చూస్తూ ఉండండి. సున్నా దగ్గర నుంచి అంకె నెమ్మదిగా మళ్లీ లేస్తుంది. మధ్యలో ఉన్న పొర లోపలికి ఇంకిన శక్తి తీరిగ్గా బయటికి వస్తుందన్నమాట. తొమ్మిది వోల్టుల దగ్గర ఇది వేడుక. మూడు వందల వోల్టుల దగ్గర, ఒకసారి ఖాళీ చేశాం కదా అని చెయ్యి పెట్టేవాళ్లకి ప్రమాదం.

ఇక బోరు పెట్టె దగ్గరికి

స్టార్ట్ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే స్టార్టింగ్ కండెన్సర్ మోటారుకి కలిసి ఉంటుంది. వదలగానే విడిపోతుంది, ఆ క్షణంలో ఉన్న వోల్టేజీతోనే. ఇంటి కరెంటు 230 వోల్టులు అంటాం గానీ ప్రతి అల శిఖరం 325 వోల్టులు. వేలు ఎత్తిన క్షణం శిఖరం మీద పడితే అంత మిగులుతుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. సున్నా దగ్గర పడితే ఏమీ మిగలదు. "ఎన్నిసార్లు పట్టుకున్నా నాకు ఏమీ కాలేదు" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల వేలు మంచి క్షణంలో లేచింది, అంతే. 120 మైక్రోఫారడ్ కండెన్సర్ 325 వోల్టుల్లో ఆరు జౌల్స్‌కి పైగా దాచుకుంటుంది. మన బల్ల మీద కెపాసిటర్‌కి నూట యాభై రెట్లు.

స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠప్‌మనిపించడం చాలామంది చేసే పని. అలా చేయకండి. రెసిస్టెన్స్ దాదాపు లేదు కాబట్టి కాల స్థిరాంకం దాదాపు సున్నా, అంత శక్తీ ఒక్క చిటికెలో బయటపడుతుంది. నిప్పురవ్వ కంట్లో పడొచ్చు, టెర్మినల్ కరగొచ్చు, కండెన్సర్ లోపల అతుకులు ఊడొచ్చు.

10 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ ఒకటి కొనండి. సిమెంటు దిమ్మలా తెల్లగా ఉంటుంది. రెండు కొసలకీ 600 వోల్టులు తట్టుకునే మంచి వైరు టంకం వేయించి, అతుకుల మీద స్లీవ్ ఎక్కించి, చివర్లకి పూర్తిగా ప్లాస్టిక్ తొడుగున్న క్రొకడైల్ క్లిప్పులు పెట్టించుకోండి. పనిచేసే వరస ఇది. మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి, ఇంకెవరూ పెట్టకుండా. చెప్పులు వేసుకుని, పొడి చేతులతో, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఒక్కో క్లిప్పు ఒక్కోసారి తగిలించండి. 120 మైక్రోఫారడ్‌కి కాల స్థిరాంకం 1.2 సెకన్లు. 325 నుంచి ఒక వోల్టు కిందికి రావడానికి దాదాపు ఏడు సెకన్లు పడుతుంది. మీరు పదిహేను లెక్కపెట్టండి. తర్వాత మల్టీమీటర్‌ని డీసీ 600 లేదా 1000 వోల్టుల రేంజిలో పెట్టి రెండు కొసల మధ్య కొలవండి. ఏసీ రేంజిలో కొలిస్తే నిండు కండెన్సర్ కూడా సున్నాగా కనపడొచ్చు, ఎందుకంటే నిలవున్నది డీసీ. రన్నింగ్ కండెన్సర్ (మోటారు తిరుగుతున్నంతసేపూ కలిసి ఉండేది) దగ్గర కూడా ఇదే వరస. అది మామూలుగా మోటారు వైండింగ్ గుండా ఖాళీ అయిపోతుంది, కానీ వైరు ఎక్కడో తెగి ఉంటే కాదు. మనం పెట్టె తెరిచేదే ఏదో పాడైనప్పుడు కదా.

రెసిస్టర్ తీసి, రెండు నిమిషాలాగి, మళ్లీ కొలవండి. అంకె లేచి ఉంటే ఇంకో పదిహేను సెకన్లు పెట్టండి. కొలవకుండా మాత్రం తాకకండి. ఫ్యాన్ కండెన్సర్‌కీ ఇదే పద్ధతి పనికొస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ జోలికి మాత్రం పోవద్దు, అందులో రెండు వేల వోల్టులకు పైగా ఉండొచ్చు, ఈ వైర్లు దానికి చాలవు.

మేం తయారుచేసుకున్న ఆ రెసిస్టర్ వైరుని మా మేనల్లుడు ప్యానెల్ బోర్డు తలుపు లోపలి వైపు కొక్కేనికి తగిలించాడు. పక్కనే స్కెచ్ పెన్నుతో "ముందు ఇది, పదిహేను సెకన్లు, తర్వాత డీసీలో మీటర్" అని రాశాడు.